రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయాక ఏం చేయాలి? నల్లగొండ, పాలమూరు ఇళ్ల కోసం

ఆపరేషన్ అయింది, కీమో ఎక్కించారు, కరెంటు (రేడియేషన్) పెట్టడం కూడా పూర్తయింది. డిశ్చార్జి చీటీ మీద ‘3 నెలలకు రివ్యూ’ అని రాసి ఇంటికి పంపారు. అన్ని నెలలుగా దవాఖాన చుట్టూ తిరిగిన మనిషికి ఇప్పుడు ఒక్కసారిగా తిరుగుడు ఆగిపోతుంది. ఫోన్ చేసి రమ్మని పిలిచేవాళ్లు ఉండరు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు చాలామంది ఆడవాళ్లు వైద్యానికి దూరమయ్యేది సరిగ్గా ఈ సమయంలోనే. ‘తక్కువైంది కదా, ఇంకెందుకు పోవుడు’ అనుకుంటారు. పంటలు, పిల్లల పెళ్లిళ్లు, అప్పులు ముందుకొస్తాయి.

ఇక నుంచి చేయాల్సిన వైద్యానికి ఖర్చు తక్కువ, అవసరం మాత్రం ఎక్కువ. రోజూ మాత్ర వేసుకోవడం, చెప్పిన తేదీకి చూపించుకోవడం, మధ్యలో తేడా కనిపిస్తే ఆగకుండా చెప్పడం. ఈ మూడూ సరిగ్గా జరిగేలా ఇల్లు ఎలా సర్దుకోవాలో వరసగా రాస్తున్నాను. మీ డాక్టర్ మీ రిపోర్టులు చూసి వేరేగా చెబితే ఆ మాటే పాటించండి.

ముందు కాగితాలు సర్దండి

ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఈ పని చేయండి. బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్‌లో తీసిన గడ్డ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, కీమోలో ఏ మందు ఎన్నిసార్లు ఎక్కించారో ఉన్న చీటీ, కరెంటు ఎన్ని రోజులు పెట్టారో ఉన్న కాగితం, ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) రిపోర్టులు. ఇవన్నీ ఒకే ఫైలులో, తేదీల వరసలో ఉండాలి. ఏదైనా లేకపోతే ట్రీట్‌మెంట్ చేసిన దవాఖాన రికార్డు సెక్షన్‌లో నంబరు చెప్పి అడగండి. రెండేళ్ల తర్వాత అడిగితే వెతకడం కష్టం.

ఫైలు మొదటి పేజీ మీద ఒక తెల్లకాగితం అంటించి పెద్ద అక్షరాలతో రాయండి: ఏ వైపు రొమ్ము, ఆపరేషన్ తేదీ, ఈఆర్, పీఆర్, హెర్‌2 ఫలితాలు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్ర, అది మొదలుపెట్టిన తేదీ. ఈఆర్, పీఆర్, హెర్‌2 అనే ఆ మూడు ఫలితాల మీదే (గడ్డ ఆడ హార్మోన్లకు స్పందించేదా అని మొదటి రెండూ, హెర్‌2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందా అని మూడోది చెబుతాయి) తర్వాతి వైద్యమంతా నడుస్తుంది. రాత్రిపూట జ్వరం వచ్చి దగ్గర్లోని దవాఖానకు పోతే అక్కడి డ్యూటీ డాక్టర్‌కు ఆ ఒక్క పేజీ చాలు. ప్రతి కాగితాన్నీ ఫొటో తీసి ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయే కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. బయల్దేరేటప్పుడు అసలు ఫైలు ఇంట్లో పెట్టి, జిరాక్స్ సెట్టు, మందుల చీటీ, కనీసం మూడు నెలల మాత్రలు వెంట తీసుకెళ్లండి. అక్కడ మాత్ర అయిపోతే చీటీ చూపించి అదే మందు కొనుక్కోవచ్చు. ఊరికి వచ్చాక చూద్దాంలే అని ఆపకండి.

ఆమెకు జబ్బు పేరు చెప్పండి

ఇది నేను గట్టిగా అడుగుతున్న సంగతి. మన వైపు చాలా ఇళ్లలో ‘గడ్డ ఉండె, తీసేసిండ్రు’ అని మాత్రమే ఆమెకు చెబుతారు. ప్రేమతోనే దాస్తారు, ఆమె భయపడుతుందని. కానీ కీమోకు జుట్టు రాలిన మనిషికి సంగతి చాలావరకు అర్థమయ్యే ఉంటుంది. మీరు దాస్తున్నారని తెలిసి ఆమె కూడా అడగదు. చివరికి ఏమవుతుంది? గడ్డ తీసేశారు కదా, ఈ మాత్ర ఎందుకని ఒకరోజు మానేస్తుంది. మచ్చ పక్కన చిన్న బుడిపె తగిలినా పిల్లలకు ఖర్చని చెప్పదు.

కూర్చోబెట్టి చెప్పండి. ‘అమ్మా, నీకు వచ్చింది రొమ్ము క్యాన్సర్. ఉన్నంతా తీసేసిండ్రు. మళ్లా రాకుండ ఈ మాత్ర ఇచ్చిండ్రు. ఏదన్న కొత్తగ కనిపిస్తే అదే రోజు నాకు చెప్పు.’ ఇంతే చాలు. పెద్దకొడుకో కూతురో చెబితే ఆమె తట్టుకుంటుంది. చెప్పడం మీ వల్ల కాకపోతే డాక్టర్‌నో నర్సునో చెప్పమని అడగండి.

తేదీలు ఎలా వేసుకోవాలి

మామూలుగా మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకు ఒకసారి డాక్టర్ చేత్తో పరీక్ష చేయాలి. నాలుగు, అయిదు సంవత్సరాల్లో 6 నుంచి 12 నెలలకు ఒకసారి. ఆ తర్వాత ఏడాదికి ఒకసారి, జీవితాంతం. అయిదేళ్లు దాటితే ఇక రాదు అనే మాట ఊళ్లలో బాగా నడుస్తుంది. అన్ని రకాలకూ అది వర్తించదు. ట్రిపుల్ నెగెటివ్ రకం (ఆ మూడు ఫలితాలూ నెగెటివ్ వచ్చినది) తిరగబడితే ఎక్కువగా మొదటి కొన్నేళ్లలోనే తిరగబడుతుంది. ఈఆర్ పాజిటివ్ రకం మాత్రం పది, పదిహేనేళ్ల తర్వాత కూడా రావచ్చు. అందుకే ఏడాదికోసారి పోవడం మానకూడదు.

మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) ఏడాదికి ఒకసారి. రొమ్ము ఉంచి గడ్డ మాత్రమే తీసినవాళ్లకు రెండు వైపులా తీస్తారు. కరెంటు పూర్తయిన కనీసం 6 నెలల తర్వాతే మొదటిది తీయాలి. ఒక రొమ్ము పూర్తిగా తీసేసినవాళ్లకు మిగిలిన రొమ్ముకు తీస్తారు. రెండూ తీసేసి ఉంటే మామోగ్రామ్ అవసరం లేదు, మచ్చ చుట్టూ, చంకలో చేత్తో చూస్తే సరిపోతుంది. పాత ఫిల్ములు వెంట తీసుకెళ్లండి, పాతదాని పక్కన పెట్టి చూస్తేనే కొత్త మార్పు తెలుస్తుంది.

ఇప్పుడు చాలా డబ్బు వృథా అయ్యే చోటు చెబుతాను. ఏ ఇబ్బందీ లేని మనిషికి ఏటా పెట్ స్కాన్, సీటీ స్కాన్, బోన్ స్కాన్, రక్తంలో ట్యూమర్ మార్కర్లు చేయించాల్సిన పని లేదు. ప్రపంచమంతా పాటించే వైద్య మార్గదర్శకాలు చెప్పేది ఇదే. లక్షణం లేనప్పుడు వాటితో ముందుగా కనిపెట్టినా ఆయుష్షు పెరగలేదని పరిశోధనల్లో తేలింది. అప్పుచేసి పెట్ స్కాన్ తీయించి, నెలనెలా వేసుకోవాల్సిన మాత్రకు డబ్బు లేదని మానేసే ఇళ్లున్నాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఎవరైనా స్కాన్ రాస్తే ‘సార్, ఏ అనుమానంతో రాస్తున్నారు?’ అని మర్యాదగా అడగండి. నొప్పి, దగ్గు, కామెర్లు లాంటి కారణం ఉంటే వెంటనే చేయించండి.

ప్రయాణం గురించి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు, గద్వాల, అలంపూర్ వాళ్లకు దాదాపు అంతకు రెండింతలు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బుల్లేవు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుంచుకుని జీరో టికెట్ తీసుకోండి. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ దవాఖానకు పోవాలంటే ఎల్‌బీ నగర్‌లోగానీ ఎంజీబీఎస్‌లోగానీ దిగి, మెట్రోలో లక్డీకాపూల్ చేరుకుని అక్కడి నుంచి ఆటోలో పోవచ్చు. ఓపీ పొద్దున ఉంటుంది కాబట్టి తొలి బస్సు పట్టుకోండి. రివ్యూ రోజు నాటు రోజుల్లోనో పత్తి ఏరే రోజుల్లోనో పడేలా ఉంటే ముందే చెప్పి వారం అటూ ఇటూ మార్చుకోండి. ఒకసారి తప్పిపోయినా మళ్లీ పోవచ్చు. ‘ఇన్ని రోజులు రాలేదని తిడతారు’ అనే భయంతో మానేయకండి.

షుగర్, బీపీ, రక్తం తక్కువ, థైరాయిడ్ వంటి పరీక్షలకు హైదరాబాద్ దాకా అక్కర్లేదు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా మీ పీహెచ్‌సీలో రక్తం ఇస్తే జిల్లా హబ్‌లో ఉచితంగా చేస్తారు. ఆ రిపోర్టులు పట్టుకుని రివ్యూకు వెళ్తే ఒక పూట మిగులుతుంది. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచారు. రివ్యూలో ఏదైనా కొత్త వైద్యం అవసరమైతే ముందు దవాఖానలోని ఆరోగ్యమిత్రను కలవండి, బిల్లు కట్టేశాక అడిగితే లాభం ఉండదు.

మాత్ర మానకండి

ఈఆర్ లేదా పీఆర్ పాజిటివ్ అయితే టామాక్సిఫెన్ గానీ, లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటివి గానీ రాస్తారు. కనీసం 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్ల దాకా. ఇది బలానికిచ్చే మాత్ర అనుకోకండి, ఇదీ క్యాన్సర్ వైద్యమే. రోజూ ఒకే సమయానికి, రాత్రి అన్నం తిన్నాకో పొద్దున చాయ్ తాగాకో, ఏదో ఒక అలవాటుకు ముడిపెట్టండి. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు, మామూలుగా ఒకటే. క్యాలెండర్‌లో గీత గీస్తే మరుపు తెలుస్తుంది. మందు ధర ఎక్కువనిపిస్తే జనఔషధి దుకాణంలో అదే మందు అడగండి.

ఇబ్బందులు ఉంటాయి. ఒంట్లో నుంచి వేడి సెగలు వస్తాయి, మే నెల నల్లగొండ ఎండల్లో అవి తట్టుకోవడం కష్టమే. వదులు నూలు బట్టలు, చల్లటి నీళ్లు, రాత్రి కారం తగ్గించడం కొంత మేలు చేస్తాయి. తగ్గకపోతే దానికి మందులున్నాయి, అడగండి. అయితే డిప్రెషన్ మందుల్లో పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి టామాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి. ఏ డాక్టర్ ఏ కొత్త మందు రాసినా ‘నేను టామాక్సిఫెన్ వేసుకుంటున్నా’ అని చెప్పండి. పసరు మందు, ఆకు మందు వాడుతుంటే అదీ దాచకుండా చెప్పాలి.

టామాక్సిఫెన్ వాడేవాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ముట్టు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే, లేదా ముట్టు ఉన్నవాళ్లకు లెక్కతప్పి ఎక్కువగా అవుతుంటే గర్భసంచి పరీక్ష చేయించాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అదే రోజు దవాఖానకు పోవాలి. పిల్లలు పుట్టే వయసువాళ్లు ఈ మందు మీద ఉండగా గర్భం రాకుండా చూసుకోవాలి. అందుకు హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు పనికిరావు, కాపర్-టీ లేదా నిరోధ్ వాడాలి.

లెట్రోజోల్ వాడేవాళ్లకు ఇంకో సంగతి. కీమోతో ముట్టు ఆగి, కొన్ని నెలల తర్వాత తిరిగి మొదలు కావచ్చు. అండాశయాలు పనిచేస్తుంటే లెట్రోజోల్ పని చేయదు. కాబట్టి రక్తం ఒక్కసారి కనిపించినా వెంటనే చెప్పండి, మందు మార్చాల్సి వస్తుంది.

హెర్‌2 పాజిటివ్ వాళ్లకు మూడు వారాలకొకసారి ఎక్కించే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ మామూలుగా ఏడాది పాటు సాగుతుంది. అది నడిచినన్నాళ్లు గుండె ఎలా ఉందో చూడటానికి మూడు నెలలకొకసారి ఎకో చేయించుకోవాలి.

ఎముకలు, ఫ్లోరైడ్ నీళ్లు

లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు వేళ్లు, మోకాళ్లు పట్టేసినట్టు ఉంటాయి. పొద్దున లేచేటప్పుడు ఎక్కువ. చాలామంది మాత్ర మానేది ఈ నొప్పికే. నడక, మెల్లగా చేసే వ్యాయామంతో తగ్గుతుంది. తగ్గకపోతే అదే పని చేసే వేరే మాత్రకు మారుస్తారు. మీరై మీరు ఆపకుండా మార్చమని అడగండి.

ఇక్కడ నల్లగొండ జిల్లా వాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగినవాళ్ల ఎముకల్లో ఫ్లోరైడ్ చేరి ఉంటుంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కొత్తగా చేరడం తగ్గినా, పాతది వెంటనే పోదు. వాళ్లకు నడుము, మెడ, కీళ్ల నొప్పులు ముందు నుంచే ఉంటాయి. క్యాన్సర్ తర్వాత నొప్పి వస్తే అది మాత్ర వల్లా, ఫ్లోరైడ్ వల్లా, జబ్బు ఎముకకు పాకడం వల్లా అని తేల్చడం హైదరాబాద్ డాక్టర్‌కు కష్టమవుతుంది, ఆయనకు మీ ఊరి నీళ్ల సంగతి తెలియకపోవచ్చు. పైగా ఫ్లోరైడ్ ఎముకను ఎక్స్‌రేలో, డెక్సాలో (ఎముక సాంద్రత కొలిచే స్కాన్) దట్టంగా చూపించి, లోపల పెళుసుగా చేస్తుంది. డెక్సా నంబరు బాగుందని ఎముక గట్టిగా ఉందనుకోవద్దు. బోన్ స్కాన్‌లో కూడా తేడాగా కనిపించవచ్చు. అందుకే మొదటి రివ్యూలోనే చెప్పండి: ‘సార్, మాది ఫ్లోరైడ్ ఊరు, ఇన్నేళ్లు ఆ నీళ్లే తాగిన.’ ఫైలు మొదటి పేజీ మీద కూడా రాసుకోండి.

ఈ మాత్రలు వాడుతున్నవాళ్లకు మొదట్లో ఒకసారి, తర్వాత రెండేళ్లకొకసారి డెక్సా పరీక్ష అవసరం. క్యాల్షియం, విటమిన్ డి డాక్టర్ రాసినట్టు వేసుకోండి. తైద అంబలి, పెరుగు, నువ్వులు ఎముకకు మంచివి. ఎముకల కోసం ఇచ్చే జొలెడ్రోనిక్ ఇంజెక్షన్ తీసుకుంటుంటే పన్ను పీకించే ముందు పళ్ల డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, లేకపోతే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ అయిన వైపు చేయి

చంకలో గడ్డలు తీసిన వైపు చేతిలో నీరు చేరి వాచే అవకాశం నెలల తర్వాతా, ఏళ్ల తర్వాతా ఉంటుంది. మొదట కనిపెట్టేది మీరే. గాజులు ఎక్కకపోవడం, ఉంగరం బిగుసుకోవడం, జాకెట్ చేయి ఒక వైపే టైట్ కావడం, చేయి బరువనిపించడం. నెలకొకసారి టైలర్ టేపుతో రెండు చేతులూ కొలవండి: మణికట్టు దగ్గర, మోచేతికి 10 సెంటీమీటర్ల కింద, 10 సెంటీమీటర్ల పైన. రెండు చేతుల మధ్య తేడా 2 సెంటీమీటర్లు దాటితే, లేదా నెల నెలా పెరుగుతుంటే చూపించండి. మొదట్లోనే ఫిజియోథెరపీ, బిగుతు స్లీవ్ మొదలుపెడితే అదుపులో ఉంటుంది. ముదిరాక తగ్గించడం చాలా కష్టం.

‘ఆ చేత్తో ఏం లేపొద్దు’ అని చాలామందికి చెబుతారు. అసలు వాడకపోతే భుజం పట్టేస్తుంది. గోడ మీద వేళ్లతో పైకి పాకించే వ్యాయామం రోజూ చేయండి, పనిని మెల్లమెల్లగా పెంచండి. బిందె, గడ్డిమోపు లాంటి బరువు ఒకేసారి మొదలుపెట్టకండి. బీపీ, రక్తపరీక్ష వీలైనప్పుడల్లా రెండో చేతికి చేయించుకోండి. అత్యవసరంలో ఈ చేతికి ఒకసారి చేసినా కంగారు పడకండి.

అంతకన్నా జాగ్రత్త పడాల్సింది గీతలు, ముళ్ల విషయంలో. పత్తికాయ మొనలు, బత్తాయి ముళ్లు, కొడవలి గాట్లు, నాటు వేసేటప్పుడు గంటల తరబడి బురదలో నానిన చర్మం, అన్నీ సూక్ష్మజీవులకు దారి ఇస్తాయి. పత్తి ఏరేటప్పుడు చీర మీద నిండు చేతుల చొక్కా వేసుకుంటారు కదా, దానితోపాటు గ్లవుజులు కూడా వేసుకోండి. చిన్న గాటు పడినా సబ్బుతో కడిగి మందు రాయండి. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఒక్క రాత్రి కూడా ఆగొద్దు. దగ్గర్లోని డాక్టర్ దగ్గరకు పోయి యాంటీబయాటిక్ మొదలుపెట్టించుకోవాలి.

పాక్లిటాక్సెల్ కీమో తీసుకున్నవాళ్లకు పాదాలు తిమ్మిరిగా ఉండవచ్చు. చెప్పులు లేకుండా పొలంలో దిగితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. షుగర్ కూడా ఉంటే రాత్రి పాదాలు ఒకసారి చూసుకోండి.

తేదీ దాకా ఆగకూడనివి

నెలకొకసారి స్నానం చేసేటప్పుడు మచ్చ చుట్టూ, రెండో రొమ్ము, రెండు చంకలు, మెడ కింద ఎముక పైన గుంతలో చేత్తో తడిమి చూసుకోండి. కొత్త బుడిపె, చర్మం మీద ఎర్రటి పొక్కులు, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం కనిపిస్తే ఆ వారమే చూపించండి. ఒకే చోట ఎముక నొప్పి రెండు వారాలు దాటినా, రాత్రిళ్లు నిద్ర లేపినా; ఆగని దగ్గు, ఆయాసం; కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం; కారణం లేకుండా బరువు తగ్గడం; వాంతులతో తలనొప్పి ఉన్నా అంతే. ఇవన్నీ క్యాన్సరే అని కాదు, చాలాసార్లు వేరే కారణం తేలుతుంది.

మూర్ఛ వస్తే, లేదా నడుం నొప్పితోపాటు కాళ్లు బలం తప్పినా, మూత్రం ఆగిపోయినా 108కి ఫోన్ చేయండి. వెన్నుపాము మీద ఒత్తిడి పడినప్పుడు ఆ రోజే వైద్యం అందితే నడక నిలబడుతుంది.

ఇంట్లో, మనసులో

పథ్యం పేరుతో వంకాయ, మాంసం, గుడ్డు మానిపించకండి, నీరసించిన ఒంటికి మాంసకృత్తులు కావాలి. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూరలు, గుడ్డు, పండు హాయిగా తినొచ్చు. కల్లు, మద్యం మానేయడమే మంచిది. వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున చురుకైన నడక పెట్టుకోండి, బరువు పెరగకుండా చూసుకోండి.

కలయికలో మంట, పొడిబారడం ఈ మాత్రలతో చాలామందికి ఉంటుంది, ఎవరూ నోరు విప్పరు. హార్మోన్ లేని జెల్లులు దొరుకుతాయి, లేడీ డాక్టర్‌ను అడగండి. భర్తలకు ఒక మాట: ఈ జబ్బు అంటుకోదు, కలవడం వల్ల తిరగబడదు. దూరం జరిగితే ఆమె మరో రకంగా అర్థం చేసుకుంటుంది.

రివ్యూ దగ్గరపడితే నిద్ర పట్టకపోవడం, టెన్షన్ మామూలే. నెలల తరబడి ఏడుపు, ఆకలి లేకపోవడం, బతకాలని లేకపోవడం ఉంటే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పక్కన ఎవరో ఒకరు కూర్చుని ఫోన్ కలిపి ఇస్తే ఇంకా మంచిది.

అక్కచెల్లెళ్లు, కూతుళ్లు

ఆమెకు 50 ఏళ్లలోపే జబ్బు వచ్చినా, ట్రిపుల్ నెగెటివ్ అయినా, రెండు రొమ్ముల్లో వచ్చినా, పుట్టింట్లో ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్ ఉన్నా, ఇంటి మగవాళ్లలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చినా, బీఆర్‌సీఏ అనే వంశపారంపర్య జన్యు పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి. ఆ పరీక్ష ముందు ఆమెకే చేస్తారు, అందులో తేడా ఉంటేనే మిగతావాళ్లకు. జన్యువు తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది కాబట్టి మేనత్తల, నాయనమ్మ సంగతులు కూడా కనుక్కుని రాసుకోండి.

పరీక్ష చేయించినా చేయించకపోయినా, తల్లికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు నుంచే కూతురు డాక్టర్‌కు చూపించుకోవడం మొదలుపెట్టాలి. తల్లికి 45లో వచ్చిందనుకుంటే కూతురికి 35 నుంచి. పెళ్లి సంబంధాలకు అడ్డమొస్తుందని ఆ అమ్మాయికి చెప్పకుండా ఉండకండి. అత్తగారింటికి పోయాక కూడా తన డాక్టర్‌కు చెప్పుకునేలా, తల్లి రిపోర్టుల ఫొటోలు ఆమె ఫోన్‌లో కూడా ఉంచండి.